గాజుపలక మీద పాత తేదీ

అంటార్కిటికా అంచున సముద్రం మీద తేలే మంచుపలకలు ఎక్కడ చిట్లుతాయో, ఎంత వేగంగా చిట్లుతాయో, ఎండకు కరిగిన నీరు ఆ చీలికల్లోకి దిగి వాటిని లోపలి నుంచి ఎలా తెరుస్తుందో కొలవడం నా వృత్తి. ఆ మంచును నేను ఒక్కసారి కూడా తాకలేదు. ఉపగ్రహాలు పంపే చిత్రాలే నాకు తెలిసిన మంచు. మా బృందంలో నా పని ఇంకా ఇరుకైనది. ఇతరులు గీసిన చీలిక రేఖలను నేను మళ్ళీ మొదటి నుంచి కొలుస్తాను. ఎవరైనా "చీలిక పెరిగింది" అంటే, ఎంత, ఏ చిత్రంలో, ఏ నీడను చూసి అంటున్నారు అని అడుగుతాను. "పెరగలేదు" అన్నప్పుడు కూడా అదే ప్రశ్నను అంతే గట్టిగా అడగాలి. నా సొంత ఇంటి గోడ విషయంలో ఆ రెండో ప్రశ్నను నేను ఏడాదిన్నర పాటు అడగలేదు.

మా ఇల్లంటే కామాఠిపురలో, గదులు వరసగా ఉండే ఒక పాత చాల్‌లో మూడో అంతస్తున ఉన్న ఒంటి గది. మా ముందు తరాలవాళ్ళు పాలమూరు వైపు నుంచి రాళ్ళూ సున్నమూ మొయ్యడానికి ఈ నగరానికి వచ్చి, ఇతరుల గోడలు కట్టాక మిగిలిన చోట తాము సర్దుకున్నారు. అమ్మ నా చిన్నతనంలోనే పోయింది. నాన్న పనుల వెంట ఊళ్ళు తిరిగేవాడు. నన్ను పెంచింది మేనత్త. నా ఉద్యోగం రైల్లో ఒక పూట ప్రయాణమంత దూరంలో ఉన్న మరో ఊళ్ళో కావడంతో, ఆ గదిలో ఆమె ఒక్కతే మిగిలింది. దాదర్‌లో రైలు మారి, గ్రాంట్ రోడ్‌లో దిగి, ఫోరస్ రోడ్ దాటి మెట్ల దగ్గరికి చేరేసరికి నేను శాస్త్రవేత్తనన్న సంగతి దారిలోనే ఎక్కడో జారిపోతుంది. మెట్లెక్కేది అత్త మేనకోడలు మాత్రమే.

అత్త దీపం పెట్టే గూటి పక్క నుంచి గదుల ముందు వసారాలాంటి గ్యాలరీ తలుపు దాకా గోడలో ఒక పగులు ఏటవాలుగా దిగి ఉండేది. మా గదికీ పక్క గదికీ మధ్యనున్న గోడ అది. పక్క గది పైకప్పు దూలం కొన ఆ గోడ మీదే ఆనుతుంది. పగులు నా చిన్నప్పుడు కూడా ఉందా? ఉందని అత్త అంటుంది. లేదని పక్క గది వదినె అంటుంది. నాకు గుర్తు లేదు. గుర్తున్నా, నా జ్ఞాపకాన్ని నేను ఆధారంగా తీసుకోను. వెనక సందులో ఒక ఎత్తైన అపార్ట్‌మెంట్ టవరు కోసం పునాది తవ్వడం మొదలయ్యాక మాత్రం అది అందరి కంటా పడింది.

కింది అంతస్తులో ఒక ముసలి మేస్త్రీ ఉంటాడు. పని మానేసి చాలా కాలమైంది. మెట్ల మొదట్లో కుర్చీ వేసుకుని వచ్చే పోయే వాళ్ళను పలకరించడమే ఆయన పని. ఆ దసరాకు నేను వచ్చినప్పుడు నన్ను ఆపాడు.

"ఏందమ్మా మంచు డాక్టరమ్మా, ఏడ్నో సముద్రం మీది పగులు కనవడ్తది గని, ఇంట్ల పగులు కనవడ్తలేదా?"

"కనవడ్తుంది తాతా. కదుల్తుందో లేదో తెల్వది."

"గోడనడుగు."

"ఎట్ల అడగాలె?"

"అద్దం ముక్క అటో కాలు ఇటో కాలు పెట్టి అతికియ్యి. గోడ మెల్లగ కదిలితె మన కండ్లకు ఆనది. అద్దం ఓర్చుకోదు, టక్కుమంటది. మీద తేదీ రాయి, మర్శిపోకు. తేదీ లేంది ఉత్త అద్దమే."

ఆ పద్ధతి నాకు నచ్చింది. అందులో నమ్మకంతో పని లేదు. గాజు పగిలితే గోడ కదిలినట్టు, పగలకపోతే కదలనట్టు. మా ఆఫీసు ల్యాబులో సూక్ష్మదర్శిని కింద పెట్టే సన్నటి గాజుపలకల పెట్టె ఒకటి నా సంచిలో ఉంది. గూటి పక్కన, పగులుకు అడ్డంగా ఒక పలకను అతికించి, మీద నల్ల సిరాతో తేదీ రాశాను. గ్యాలరీ వైపు రెండోది పెడదామనుకున్నాను గాని జిగురు అయిపోయింది. మళ్ళీ వచ్చినప్పుడు చూద్దాంలే అనుకుని, మిగిలిన రెండు పలకలున్న పెట్టెను గూటి మీద వదిలేశాను. ప్రతి నెలా మొదటి రోజున ఆ పలకను ఫోన్‌లో ఫొటో తీసి పంపమని అత్తకు చెప్పాను. అది ఎందుకో కూడా చెప్పాననే అనుకున్నాను.

ఫొటోలు క్రమం తప్పకుండా వచ్చేవి. మొదట్లో సగం ఫొటోలో ఆమె బొటనవేలే ఉండేది. తర్వాత చేయి కుదిరింది. ప్రతి ఫొటోనూ పెద్దది చేసి చూసేదాన్ని. నేను రాసిన తేదీ ఉంది. గాజు మీద గీత లేదు. నా పుస్తకంలో ఆ నెల ఎదురుగా "నిలకడ" అని రాసేదాన్ని. మధ్యలో దీపావళికి గోడకు కొత్త సున్నం పడింది. పగులు సగం సున్నం కింద దాగింది. అది నేను గమనించాను. గాజు ఉంది కదా, పగులు వెడల్పుతో పనేమిటి అనుకున్నాను. ఆ నెలల్లోనే, మరో పుస్తకంలో, ఒక మంచుపలక చీలిక ఎదురుగా కూడా అదే మాట రాస్తూ వచ్చాను.

ఉగాదికి కొంచెం ముందు మెట్ల దగ్గర ఒక నోటీసు అంటించారు. భవనం అపాయకరమనీ, వానలకు ముందే ఖాళీ చేసి శివారులో చూపించే తాత్కాలిక వసతికి వెళ్ళాలనీ అందులో ఉంది. అలా వెళ్ళిన ఇతర చాళ్ళవాళ్ళలో తిరిగి వచ్చిన కుటుంబం ఒక్కటీ మావాళ్ళకు తెలియదు. పదకొండు కుటుంబాలూ పండగ వెళ్ళిన వారం గ్యాలరీలో కూర్చున్నాయి. నేను ఊళ్ళో లేను. పక్క గది వదినె ఫోన్‌ను స్టూలు మీద పెట్టి, అందరికీ వినపడేలా చేసి నన్ను అడిగింది. ఆమె కూతురు కాన్పుకు వచ్చి ఉంది.

"చెల్లె, పగుళ్ళ మీదనే గదా నీ నౌకరి. నువ్వు చెప్పు. పోరికి నెలలు నిండినయి. ఈడనే ఉండనా, ఆ కొసకు పోయి పడనా?"

నేను ఆచితూచి మాట్లాడాను. "ఏడాదిన్నర సంది గాజు పగల్లేదు వదినె. ఆ చోట గోడ కదిలినట్టు నా దగ్గర ఆధారం లేదు. అంతకన్న ఎక్కువ నేను చెప్పలేను."

మూడు వాక్యాల్లో వాళ్ళకు చేరింది మొదటిదే. "ఇగ చాలు, మన పోరే చెప్పింది" అని ఎవరో అనడం వినపడింది. కుర్చీలు జరిగిన చప్పుడైంది. నా వాక్యాలు మూడూ విడివిడిగా నిజాలేనని ఆ రోజంతా నాకు నేను చెప్పుకున్నాను. అత్త కూడా ఆ గ్యాలరీలోనే కూర్చుని ఉంది.

పని వదలక ఆ దసరా తర్వాత ఇంటికే వెళ్ళని నేను, మే నెల చివర, వానలకు ముందు వెళ్ళాను. మధ్యాహ్నం. గదిలో పంకా తిరుగుతోంది. పక్క గదిలో పసిపిల్ల ఊయల కిర్రుమంటోంది. అత్త పొయ్యి దగ్గర జొన్నరొట్టెలు చేస్తోంది. నేను కాళ్ళు కడుక్కుని, అలవాటు కొద్దీ గూటి దగ్గరికి వెళ్ళి, పలక మీద వేలు పెట్టాను.

వేలికి అంచు తగిలింది. నేను అతికించిన పలకకు అంచు ఉందా లేదా అన్నంత సన్నం. దీని అంచు మందంగా ఉంది, పక్క నుంచి చూస్తే ఆకుపచ్చగా ఉంది. ఫొటోల పటాలకు కోసే అద్దమది. మీద నల్ల సిరాతో నా తేదీ, నా అంకెల వంపుతోనే ఉంది. ఎదురుగా నిలబడి తీసిన ఫొటోలో అంచు కనపడదు. నేను ఎన్నిసార్లు పెద్దది చేసి చూసినా కనపడదు.

"అత్తా, ఇది నేను పెట్టింది కాదు."

"కాదు" అంది ఆమె, రొట్టె తిప్పుతూ. "నువ్వు పెట్టింది ఎప్పుడో పాయె. నీ డబ్బల ఉన్నయి రెండు గూడ అయిపోయినయి. ఇది ఫాక్‌లాండ్ రోడ్డు ఫ్రేముల దుకాణంల కోయించింది."

"పాయె అంటె?"

"పలిగింది. పలిగినప్పుడల్ల తీసి కొత్తది పెట్టిన. జిగురు గూడ మంచిదే తెచ్చిన."

నేను గోడకు ఆనుకుని కింద కూర్చున్నాను. కూర్చున్నాక, ఏ గోడకు ఆనుకున్నానో తెలిసి ముందుకు జరిగాను.

"ఎన్ని సార్లు పలిగింది?"

"ఐదు."

"నాకెందుకు చెప్పలే అత్తా?"

ఆమె నా వైపు తిరిగింది. ఆమె ముఖంలో దాచిపెట్టిన మనిషి బెదురు ఏమీ లేదు. "ఏం చెప్పాలె? గుమ్మానికి దిష్టి గుమ్మడికాయ కడ్తం. ఇంటి మీదికొచ్చేది అది మింగుతది. కుళ్ళితె తీసి ఇంకోటి కడ్తం. కుళ్ళిందని ఊరంత చెప్తమా? గోడ మీదికొచ్చేది నీ అద్దం మింగుతుంది అనుకున్న. పలిగింది దీపం కాడ ఉంచద్దు, కొత్తది పెట్టాలె. ఇంత చిన్న పనికి నీకు ఫోన్ చేసి నిన్ను పరేషాన్ చేయాల్నా?"

"మరి తేదీ?"

"నీ అంకెలు నేనెట్ల మారుస్త? నీ లెక్క కరాబైతది గదా. పాతది ముంగట పెట్టుకోని అట్లనే దించిన. మంచిగనే వచ్చింది, చూడు."

మంచిగానే వచ్చింది. పది నెలలుగా నా కన్ను దాన్ని నా రాత అనే నమ్మింది. తప్పు ఎవరిదో తేల్చడం నా వృత్తిలో భాగం కాబట్టి అక్కడే తేల్చుకున్నాను. గాజు ఎందుకో ఆమెకు నేను చెప్పలేదు. మేస్త్రీ చెబుతున్నప్పుడు నాకు అర్థమైంది కాబట్టి, అందరికీ అర్థమై ఉంటుందనుకున్నాను. కాపాడేది వేరు, కబురు చెప్పేది వేరు. ఆమె అనుభవంలో ఇంటి గోడకు, గుమ్మానికి, మనిషి మెడకు కట్టేవన్నీ కాపాడేవే. ఊరికే చూస్తూ ఉండి, దెబ్బ తగిలితే కబురు మాత్రం చెప్పే వస్తువును ఇంట్లో ఎవరు పెట్టుకుంటారు?

"పలిగినయి ఏడ పారేసినవ్ అత్తా?"

"పారేయలే. నీ ఆఫీసు సొత్తు గదా, అడిగితె నువ్వేం చూపిస్తవ్? ఇంట్ల ఉంచద్దు గనుక బయట పెట్టిన."

గ్యాలరీలో తులసి కుండీ వెనక ఒక బిస్కట్ డబ్బా ఉంది. అందులో ఐదు పొట్లాలు. ఒక్కో పొట్లంలో ఒక గాజుపలక, రెండు ముక్కలుగా. మూడు సన్నవి, రెండు మందమైనవి. అన్నింటి మీదా ఒకటే తేదీ.

ఆ సాయంత్రం అత్తను ఒక్కో పొట్లం గురించి అడిగాను. తేదీలు ఆమెకు గుర్తు లేవు. పండుగలు గుర్తున్నాయి. మొదటిది బోనాలప్పుడు. రెండోది దత్త జయంతి రోజు. మూడోది హోలీ. నాలుగోది హనుమాన్ జయంతి. ఐదోది పక్క గదిలో పసిపిల్లను ఊయలలో వేసిన రోజు, అంటే నేను రావడానికి పన్నెండు రోజుల ముందు.

ఒకరి జ్ఞాపకాన్ని నేను కొలతగా ఒప్పుకోను. కిందికి వెళ్ళి మేస్త్రీని అడిగాను. బోనాలప్పుడు అత్త జిగురు గురించి తనను అడిగిందన్నాడు, ఎందుకో చెప్పలేదన్నాడు. పక్క గది వదినెను, కారణం చెప్పకుండా, హోలీ గురించి అడిగాను. ఆ రోజు అత్త అడిగితే, ఎందుకో తెలియకుండానే, రంగు చేతులతో అద్దం ముక్క కోయించుకు వచ్చానని, దుకాణంవాడు విసుక్కున్నాడని చెప్పింది. ఊయల రోజు గురించి కూడా ఆమే చెప్పింది. అత్తను ఆమె పెద్దమ్మ అంటుంది.

"ఆడోళ్ళు పాట మీదున్నరు. పిల్లను అప్పుడే తొట్టెలల పండవెట్టినం. గోడ అవుతల టక్కుమన్నది. పెద్దమ్మ లేచి ఉరికింది. ఏందంటె గిన్నె పడ్డదన్నది."

ఐదింటిలో మూడింటికి రెండో సాక్ష్యం దొరికింది. పుస్తకం తెరిచి, పండుగలను నెలలుగా మార్చి, ఒక పక్కగా రాసుకున్నాను. మొదటి పలక తొమ్మిది నెలలు ఆగింది. రెండోది ఐదు నెలలు. మూడోది మూడు. నాలుగోది ఒక్క నెల. ఐదోది అంతకంటే తక్కువ. చివరి రెండూ మందమైన అద్దాలు. సన్నవాటికంటే ఎక్కువ ఓర్చుకోవాల్సినవి, తక్కువ రోజులే ఓర్చుకున్నాయి. వాన చుక్క పడని నెలల్లో ఇది జరిగింది. ఇక వాన పడి, నీరు ఆ పగుల్లోకి దిగితే ఏమవుతుందో ఊహించడానికి నా దగ్గర మంచు లెక్కలు చాలా ఉన్నాయి. ఇటుక గోడ మంచు కాదు. మంచులో నీటి బరువు పగులును తెరుస్తుంది. గోడలో నీరు సున్నాన్ని కరిగిస్తుంది, ఇటుకను నానబెడుతుంది. పోలికను అంతకంటే ముందుకు లాగడం నాకు ఇష్టం లేదు. కానీ రోజుల ఎడం అలా తగ్గుతూ వచ్చే వరుసను నేను ఇంతకుముందు చూశాను. ఆ వరుస చివర మంచుపలక ఉండేది కాదు, ఖాళీ నీళ్ళుండేవి.

గోడ అవతల ఊయల ఇంకా కిర్రుమంటోంది. దాని కొక్కెం ఉన్నది ఆ దూలానికే.

మర్నాడు పొద్దున, నల్లాలు వచ్చి పోయి అందరూ బిందెలు దించుకున్నాక, గ్యాలరీలో నిలబడి చెప్పాను. నా కొలత తప్పని, గోడ కదులుతోందని, వానలకు ముందే అందరూ వెళ్ళాలని చెప్పాను. ఫొటోలు నమ్మడం నా పొరపాటన్నాను. అత్త పేరెత్తలేదు. ఒక విషయాన్ని తెలిసి తెలిసి వదిలేసి నివేదిక చెప్పడం నా జీవితంలో అదే మొదటిసారి. అది తేలిగ్గానే వచ్చింది.

వదినె ముందు నవ్వింది. "అప్పుడు ఫోన్ల ఉండమన్నవ్, ఇప్పుడు ఎదురుంగ నిలవడి పొమ్మంటవ్. నీ సైన్సు ఏ పూట ఏం మాట్లాడ్తదో ముందుగాల చెప్పు చెల్లె, దాన్ని బట్టి సమాన్ కట్టుకుంటం."

కొందరు నవ్వారు. ఆమె కూతురు, పిల్లను భుజాన వేసుకుని, నిజంగా పడిపోతుందా అని హిందీలో అడిగింది. "దీదీ, పక్కా బతావో నా. గిరేగా క్యా?"

"తెల్వదు" అన్నాను. "ఎప్పుడన్నది నాకు తెల్వది. పడ్తదో లేదో గూడ పక్కా చెప్పలేను. కదుల్తుందని మాత్రం చెప్తున్న."

"గాజు పలిగిందా మరి?" వదినె గొంతులో ఇప్పుడు నవ్వు లేదు. "నిన్న మా ఇంట్లకొచ్చి హోలీ గురించి అడిగిపోతివి. మీ ఇంట్ల నేనూ చూసిన. గాజు మంచిగనే ఉన్నది. ఏమైంది చెల్లె, ఎనక టవరోళ్ళు నీతోని మాట్లాడిన్రా?"

ఆ మాటకు జవాబుగా నేను చెప్పగలిగింది ఒక్కటే ఉంది. దాన్ని చెప్పకుండా నిలబడ్డాను. అప్పుడు మా గది తలుపు దగ్గర డబ్బా మూత చప్పుడైంది.

అత్త వచ్చి నేల మీద కూర్చుంది. పొట్లాలు విప్పి, ఐదు పలకలను ఒకదాని పక్కన ఒకటి పేర్చింది, విరిగిన అంచులు కలిసేలా. "గాజు మంచిగనే ఉన్నదంటె నేను మార్చిన గనుక" అంది. "ఐదు మార్లు మార్చిన. ఈ పోరికి తెల్వది. నిన్ననే తెలిసింది. నన్ను దాస్తుంది, చూస్తున్రు గదా."

ఎవరో కిందికి కేకేశారు. మేస్త్రీ మెట్లెక్కి రావడానికి కొంత సేపు పట్టింది. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్కో పలకను ఎత్తి వెలుతురుకు పెట్టి చూసి, మళ్ళీ అక్కడే పెట్టాడు.

"ఐదు మార్లు చెప్పింది" అన్నాడు. "పాపం గోడ. ఇంకెన్ని మార్లు చెప్తది?"

"నువ్వన్న చెప్పకపోతివా తాతా, గాజు ఎందుకో" అంది అత్త.

"మీ తాత, మా నాయిన ఒక్క పరంజ మీద పని చేసిన్రు. గోడలు కట్టే కామాటోళ్ళ ఇంట్ల ఆడపిల్లకు గూడ చెప్పాల్నా అనుకున్న."

"చెప్పాలె" అంది అత్త.

వదినె పలకలను చూస్తూ ఉంది. ఆమె వేలు ఐదోదాని దగ్గర ఆగింది. "గిన్నె పడ్డదంటివి పెద్దమ్మా" అంది మెల్లగా. తర్వాత లేచి లోపలికి వెళ్ళింది. ఊయల తాళ్ళు విప్పుతున్న చప్పుడు మా అందరికీ వినపడింది.

పది రోజుల్లో పదకొండు గదులూ ఖాళీ అయ్యాయి. సామాను దించడానికి పాలమూరు నుంచి కొత్తగా వచ్చిన కూలీలు వచ్చారు. వాళ్ళ యాస విని మేస్త్రీ కుర్చీలోంచి లేచి ఏ ఊరని అడిగి, చెప్పిన ఊరి పేరు తనకు తెలియకపోతే నొచ్చుకున్నాడు. నాతో రమ్మని అత్తను అడిగాను. "నీ ఊళ్ళ నేనెవలితోని మాట్లాడాలె? మంచుతోనా?" అంది. శివారులో వదినెకు ఇచ్చిన గదికి రెండు గదులవతల ఆమెకు ఒకటి దొరికింది.

వాన మొదలైంది. నేను ఆఫీసులో నా రెండో పుస్తకం తెరిచాను. "నిలకడ" అని రాసిన ఆ మంచుపలక చీలిక చిత్రాలన్నీ మళ్ళీ మొదటి నుంచి తీశాను. చీలిక కొన మీద కొత్త మంచు కురిసి వంతెనలా కప్పేస్తే, పై నుంచి చూసేవాళ్ళకు అక్కడ చీలిక లేనట్టే ఉంటుంది. ఇది నాకు కొత్త సంగతి కాదు. అయినా ఇప్పుడు తెల్లగా కనపడే ప్రతి చోటా నాకు దీపావళి సున్నం కనపడేది. పొడి మంచు లోపలికి చూడగల రాడార్ చిత్రాలు తెప్పించి, ఆరు వారాలు పట్టి సరిచూశాను. నా కొలత సరైనదే. చీలిక నిజంగానే కదల్లేదు. ఆ ఫలితాన్ని బృందానికి పంపాను. పంపాక కూడా ఆ చిత్రాలు మూసెయ్యలేకపోయాను. మంచు విషయంలో నమ్మి సరైనప్పుడూ, గోడ విషయంలో నమ్మి తప్పినప్పుడూ ఆ ఏడాదిన్నరలో నేను పుస్తకంలో రాసిన మాట ఒకటే. రాస్తున్నప్పుడు చేతికి తేడా తెలియలేదు.

చాల్ పడలేదు. ఇది రాస్తున్నప్పటికీ నిలబడే ఉంది. కింది అంతస్తు కిటికీలకు అడ్డంగా ఇనుప ఊతాలు పెట్టారు. శివారు నుంచి వదినె ఫోన్ చేసినప్పుడల్లా ముందు పిల్ల సంగతులు చెబుతుంది, చివర "పడ్డదా?" అంటుంది. "లేదు వదినె" అంటాను. పడాలని నేను కోరుకోవడం లేదు. పడకపోవడం నేను చెప్పిందానికి వ్యతిరేకం కాదని ఆమెకు వివరించనూ లేను. ఆమె పనులు పోయాయి, కూతురి భర్త దుకాణానికి దూరమయ్యాడు, నీళ్ళకు వరుస కట్టాలి. వాటన్నిటికీ ఎదురుగా నేను పెట్టగలిగింది, పడని ఒక గోడ.

శ్రావణంలో, వాన తెరిపిచ్చిన ఒక పొద్దున, అత్త దీపపు కుందులు మరిచిపోయానంటే తేవడానికి వెళ్ళాను. కాపలా మనిషి అయిదు నిమిషాలే ఇచ్చాడు. గదిలో తడి సున్నం వాసన. గూట్లో కుందులు ఉన్నాయి. పక్కనే ఆరో అద్దం కూడా ఉంది. నా తేదీతో, గీత పడకుండా, చెక్కు చెదరకుండా.

ఎదురుగా నిలబడి ఒక ఫొటో తీశాను. తర్వాత పక్కకు జరిగి, అంచు మీద వేలు పెట్టాను. అద్దం నా వేలి కింద కదిలింది. ఎడమ వైపు జిగురు తడికి ఊడిపోయి, పలక ఒక్క కొన మీద వేలాడుతోంది. గోడ దానిని లాగడం ఎప్పుడో మానేసింది, అందుకే అది పగల్లేదు. దాని వెనక సున్నం రాలిపోయి ఉంది. పగుల్లో నా చిటికెన వేలు పట్టింది. గోడ అవతలి గది వెలుతురు, సన్నటి గీతలా, అందులోంచి కనపడింది.

కుందులు తీసుకుని కిందికి వచ్చి అత్తకు ఫోన్ చేశాను. దొరికాయని చెప్పాను. ఆమె అడిగింది.

"అద్దం మంచిగున్నదా?"

"పలగలే అత్తా" అన్నాను. "గోడను ఇడిచిపెట్టింది. పగుల్ల నా వేలు పట్టింది."

అటు నుంచి చప్పుళ్ళు వినపడుతున్నాయి. వదినె మనవరాలు ఎక్కడో ఏడుస్తోంది, ఎవరో జోకొడుతున్నారు.

"మల్ల ఇంకోటి పెట్టకు బిడ్డా" అంది అత్త.

నేను పెట్టలేదు.